మన పంట మన ఊళ్ళోనే అమ్ముకునే బజారు: విజయనగరంలో మొదటి నుంచి ఎలా నిలబెట్టాలి

మార్కెట్ పెడదాం అనగానే ఎవరైనా ముందు అడిగేవి రెండే: స్థలం ఎక్కడ, షెడ్డుకి ఎంతవుతుంది. రెండూ అవసరమే, కానీ ఈ మార్గదర్శిలో వాటిని బాగా కిందకి తోశాను. గంప నెత్తిన పెట్టుకుని వచ్చే మనిషి ఇంట్లోంచి ఎన్నింటికి బయల్దేరుతుంది, మళ్ళీ పొలంలో ఎన్నింటికి ఉండాలి, మధ్యలో ఎక్కడ కూర్చుంటుంది, ఎక్కడ నీళ్ళు తాగుతుంది, ఇవి తేలకుండా షెడ్డు వేస్తే అది ఖాళీగా మిగులుతుంది. అమ్మేవాళ్ళ రోజు ఎలా గడుస్తుందో చూసి దాని చుట్టూ బజారు కట్టాలి. ఇక్కడ చెప్పేవన్నీ కొంతమందిమి కలిసి ఒక చిన్న ఆదివారం బజారు నడిపినప్పుడు, తప్పులు చేసి దిద్దుకుంటూ నేర్చుకున్నవే.

రైతు బజారు ఉండగా ఇంకొకటి ఎందుకు

మొదట వచ్చే ప్రశ్న ఇదే కాబట్టి ముందే తేల్చేద్దాం. ఉమ్మడి రాష్ట్రంలో రైతు బజార్లు 1999లో మొదలయ్యాయి. అంతకు ముందే, 1987లో, పంజాబ్‌లో అప్నీ మండీలు వచ్చాయి, మన తర్వాత 1999లోనే తమిళనాడులో ఉళవర్ సందైలు వచ్చాయి. దళారీ లేకుండా రైతు నేరుగా అమ్మడం, రైతుకి గుర్తింపు కార్డు, రోజూ బోర్డు మీద ధరలు, చూసుకోవడానికి ఒక ఎస్టేట్ ఆఫీసర్, ఇవన్నీ మంచి ఏర్పాట్లు. మన దాసన్నపేట రైతు బజారుకి ఉదయాన్నే వెళ్ళి ఒక గంట నిలబడి చూడండి, నేర్చుకోవడానికి బోలెడంత ఉంది.

కానీ రైతు బజారు ప్రధానంగా కూరగాయల కోసం పెట్టింది. పది కిలోల ఆకాకరకాయ కోసుకొచ్చిన మనిషి, ఇంట్లో చోడి (రాగి) పిండి ఆడించి అమ్మే డ్వాక్రా గుంపు, చింతపల్లి తీరం నుంచి ఎండుచేప తెచ్చే ఆవిడ, పార్వతీపురం మన్యం నుంచి కొండ తేనె, అడ్డాకులు, వెదురు కొమ్ములు (కూరకి వాడే లేత మొలకలు) తెచ్చేవాళ్ళు, వీళ్ళందరూ ఒకే చోట కనబడే బజారు వేరు. పాతకాలపు సంత చేసే పనే అది. దాన్ని పట్నంలో శుభ్రంగా, నీడలో, సరైన తూకంతో పెట్టాలన్నదే ఇక్కడ మన ఆలోచన. రైతు బజారుకి పోటీగా పెట్టకండి, అక్కడ దొరకనివి ఇక్కడ దొరికేలా చూడండి.

అడుగు 1: పంటల క్యాలెండర్ రాయండి

ఒక పెద్ద కాగితం తీసుకుని పన్నెండు నెలలు గీసి, చుట్టుపక్కల మండలాల్లో ఏ నెలలో ఏమొస్తుందో రాయండి. గంట్యాడ, జామి, బొండపల్లి, డెంకాడ, నెల్లిమర్ల వైపు ఊళ్ళకి వెళ్ళి అడగండి, ఆఫీసులో కూర్చుని రాస్తే సగం తప్పిపోతాయి. ఎండాకాలంలో మామిడి, పనస, తాటి ముంజలు. వాన పడితే పుట్టగొడుగులు, ఆకాకర, వెదురు కొమ్ములు. దసరా దాటాక సీతాఫలం. చలికాలంలో చిక్కుడు, వంకాయ, ముల్లంగి, తేగలు, చిలగడదుంప. ఏడాది పొడుగునా ఆకుకూరలు, చోడి, గంట్లు (సజ్జలు), బెల్లం, కొబ్బరి, ఎండుచేప.

ఈ కాగితంలో ఖాళీగా ఉన్న నెలలే మీకు అసలు టెన్షన్. మండు వేసవి చివర ఆకుకూర తగ్గిపోతుంది, తుఫాను వెళ్ళిన రెండు వారాలు ఏమీ ఉండదు. ఆ రోజుల్లో బజారు ఖాళీగా కనబడితే కొనేవాళ్ళు రావడం మానేస్తారు, మళ్ళీ అలవాటు చేయడం చాలా కష్టం. అందుకని ఆ నెలల్లో నిలవ సరుకు ముందుకి రావాలి. పిండ్లు, పప్పులు, ఒడియాలు, పచ్చళ్ళు, తాటి బెల్లం లాంటివి ఎవరు చేస్తారో అప్పటికి వెతుక్కుందాం అనుకోకండి, ఇప్పుడే పేర్లు రాసుకోండి.

రామభద్రపురం హోల్‌సేల్ కూరగాయల మార్కెట్‌కి కూడా ఒకసారి తెల్లవారుజామున వెళ్ళి రండి. అక్కడి ధర తెలియకుండా రైతుతో ధర మాట్లాడలేం, ఎందుకంటే మీ బజారు గిట్టకపోతే ఆయన వెళ్ళేది అక్కడికే.

అడుగు 2: అమ్మేవాళ్ళని కూర్చోబెట్టి వినండి

పదిహేను, ఇరవై మంది చాలు. మీటింగు హాల్లో పెడితే మగవాళ్ళు మాట్లాడతారు, అమ్మే ఆడవాళ్ళు వెనక కూర్చుంటారు, అందుకని వాళ్ళ ఊళ్ళోనే, వాళ్ళ అరుగు మీదే మాట్లాడండి. అడగాల్సినవి తక్కువే. ఎన్నింటికి కోస్తారు? ఏ బస్సుకి వస్తారు? సరుకు మిగిలితే ఏం చేస్తారు? పెట్టుబడికి ఎవరి దగ్గర తెచ్చుకుంటారు, వడ్డీ ఎంత?

ఈ చివరి ప్రశ్నకి జవాబు నమ్మకం కుదిరాకే వస్తుంది, కానీ అది తెలియాలి. ఉదయం అప్పు ఇచ్చినవాడికే సాయంత్రం సరుకు ఇవ్వాల్సిన పరిస్థితి ఉంటే, మీరు ఎంత మంచి బజారు పెట్టినా ఆ మనిషి రాలేదు. పట్నంలో కూర్చుని అమ్మేవాళ్ళకి 2020లో మొదలైన పీఎం స్వనిధి రుణం ఉంది, పొదుపు సంఘాల్లో ఉన్నవాళ్ళకి బ్యాంకు లింకేజీ రుణం ఉంది. మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) వాళ్ళతో మాట్లాడి బజారు మొదలవడానికి ముందే ఆ కాగితాలు కదిలించండి.

బస్సు సంగతి. 1999లో రైతుల కోసం ఆర్టీసీ ప్రత్యేక బస్సులు నడిపింది. ఇప్పుడు స్త్రీ శక్తి పథకంలో 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగులో ఆడవాళ్ళకి టికెట్ డబ్బులు లేవు, కానీ బస్సులో గంపకి చోటు కావాలి కదా. డిపో మేనేజరుకి పేర్లు, ఊళ్ళు, సమయం రాసిన ఒక పేజీ ఇచ్చి, ఆ ఒక్క ట్రిప్పులో వెనక సీట్ల దగ్గర సరుకు పెట్టుకోనివ్వమని అడగండి. అది కుదరకపోతే నాలుగు ఊళ్ళకి కలిపి ఒక ఆటో మాట్లాడండి, కిరాయి మనిషికింత అని కాకుండా గంపకింత అని పంచండి, తక్కువ సరుకు తెచ్చేవాళ్ళకి అదే న్యాయం.

అడుగు 3: లెక్క వేసుకోండి, చిన్నగా మొదలుపెట్టండి

అమెరికాలో సియాటిల్ నగరంలో 1906, 1907 మధ్య ఉల్లిపాయల ధర పదింతలైంది. దళారులే పెంచేశారని జనం గొడవపెడితే, రైతులు వీధిలో బళ్ళు పెట్టి నేరుగా అమ్ముకోవచ్చని నగరం ఒప్పుకుంది. 1907 ఆగస్టు 17న, మొదటి రోజు, వచ్చిన బళ్ళు పది పన్నెండుకి మించలేదు, కొనడానికి వచ్చినవాళ్ళు వేలల్లో ఉన్నారు, మధ్యాహ్నానికి ముందే సరుకంతా అయిపోయి చాలామంది ఖాళీ చేతులతో వెళ్ళారు. ఆ పైక్ ప్లేస్ మార్కెట్ ఇప్పటికీ నడుస్తోంది. ఆ మొదటి రోజు అక్కడ కట్టడం అంటూ ఏమీ లేదు, వీధే బజారు.

మన లెక్క ఇలా వేయండి. ముప్ఫై మంది అమ్మేవాళ్ళు, మనిషికి నలభై కిలోలు, మొత్తం పన్నెండు వందల కిలోలు. ఒక ఇల్లు వారానికి నాలుగు కిలోలు కొంటుందనుకుంటే మూడు వందల ఇళ్ళు రావాలి. మూడు వందల ఇళ్ళు ఆదివారం పొద్దున్న నడిచి గానీ బండి మీద గానీ రాగలిగే చోటు ఏది? ఈ ప్రశ్న స్థలాన్ని దానంతటదే తేల్చేస్తుంది. సరుకు ఎక్కువై జనం తక్కువైతే రైతు నష్టపోతాడు, జనం ఎక్కువై సరుకు తక్కువైతే రెండో వారం ఇంకొంచెం తెస్తాడు. తప్పు చేయక తప్పదంటే రెండోది చేయండి.

వారంలో ఒక రోజు పెట్టండి, ఆ రోజు మార్చకండి. ఆదివారం మంచిది, మాంసం చేపల కోసం జనం ఎలాగూ బయటికి వస్తారు. సమయం ఉదయం ఆరు నుంచి పదిన్నర. మేం మొదట్లో ఎనిమిదింటికి పెట్టాం, కొనేవాళ్ళకి ఆదివారం బద్ధకం అని. అది మేం చేసిన పెద్ద తప్పు. తొమ్మిదిన్నరకల్లా తోటకూర తల వాల్చేసింది. కట్టల మీద తడి గోనె కప్పి, మధ్యమధ్య చెంబుతో నీళ్ళు చిలకరిస్తూ, గోనె ఎత్తి చూపించి మళ్ళీ కప్పేస్తూ అమ్మింది ఒకావిడ. పదింటికి ఆ కట్టలే సగం ధరకి ఇచ్చేసి లేచిపోయింది. ఆ రెండు గంటలు మేం ముందుకి జరిపి ఉంటే ఆమెకి పూర్తి ధర వచ్చేది.

అడుగు 4: స్థలం, కాగితాలు

స్థలం మున్సిపల్ కార్పొరేషన్‌ది గానీ మార్కెట్ కమిటీది గానీ, సెలవు రోజున ఖాళీగా ఉండే స్కూలు ఆవరణ గానీ అయితే మంచిది. ప్రైవేటు స్థలంలో బజారు కాస్త పేరు తెచ్చుకోగానే అద్దె పెరుగుతుంది. గంటస్తంభం చుట్టూ జనం ఉంటారు, కానీ బండి ఆపే చోటు లేదు. ఊరి చివర చోటుంటుంది, నడిచి వచ్చేవాళ్ళు ఉండరు. ఈ రెండిటికీ మధ్య బస్సు ఆగే చోటికి ఐదు నిమిషాల నడకలో వెతకండి.

చట్టం మీకు తోడుగా ఉంది, వాడుకోండి. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్నానికి టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి, అందులో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే, వాళ్ళలో మూడో వంతు మహిళలు. ఎన్నాళ్ళనుంచో జనం కూడి అమ్ముకుంటున్న చోటుని సహజ మార్కెట్‌గా గుర్తించమని అడగవచ్చు. వ్యాపారుల్ని కదిలించాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. కమిటీలో ఉన్న వ్యాపారులు ఎవరో కనుక్కుని వాళ్ళ దగ్గరికే ముందు వెళ్ళండి, కమిషనర్ దగ్గరికి వాళ్ళతో కలిసి వెళ్ళండి.

ఇక తిండి సరుకు సంగతి. రైతు తన పొలంలో కోసిన కూర కోసినట్టు అమ్మితే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. పిండి, పచ్చడి, ఒడియాలు, నూనె, చిరుతిండి అమ్మేవాళ్ళకి కావాలి. ఫీజు భారం కాదు, భయపడేది ఫారం చూసి. ఒక రోజు లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుని పదిమందికీ మీరే నింపి ఇచ్చేయండి. ప్యాకెట్ కడితే దాని మీద పేరు, ఏం వేశారు, ఎప్పుడు చేశారు, బరువు, ధర, రిజిస్ట్రేషన్ నంబరు రాయాలి.

అడుగు 5: కూర్చునే చోటు, నడిచే చోటు

కింద కూర్చుని అమ్మే అలవాటుని మార్చమనకండి, వాళ్ళకి అదే సుఖం. కానీ నేల మీద సరుకు పెడితే కొనే పెద్దవాళ్ళు వంగలేరు, వాన పడితే నీళ్ళు సరుకులోకి వస్తాయి. రెండడుగుల ఎత్తు అరుగు కట్టి, మనిషికి ఆరడుగుల పొడవు, నాలుగడుగుల లోతు ఇస్తే, సరుకు ముందు పరుచుకుని వెనక కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు. రెండు వరసల మధ్య దారి ఎనిమిది అడుగులకి తగ్గకూడదు. ఇద్దరు నిలబడి బేరమాడుతుంటే వెనక నుంచి నెత్తి మీద గంపతో ఒక మనిషి పోగలగాలి. అది కొలత.

నేల వాలు మీటరుకి ఒకటి రెండు సెంటీమీటర్లు ఉంటే నీళ్ళు నిలవవు. చేపల వరస అన్నిటికంటే కిందకి, గాలి పోయే వైపు, దానికి వేరే కాలువ. చేపకి సమానంగా ఐసు తెచ్చుకోమని చెప్పండి, మన ఎండకి అంతకంటే తక్కువైతే నిలవదు. కరిగిన నీళ్ళు కూరల వైపు రాకూడదు.

నీడకి మొదట్లో తాటాకు పందిరి చాలు, చల్లగా ఉంటుంది, తక్కువలో అవుతుంది. రేకులు వేస్తే మాత్రం గట్టిగా బిగించండి, 2014 హుద్‌హుద్‌కి, 2018 తిత్లీకి ఎన్ని రేకులు ఎగిరిపోయాయో చూసినవాళ్ళం మనం. పొద్దున్న ఎండ తూర్పు నుంచి ఏటవాలుగా వస్తుంది కాబట్టి పైకప్పు కంటే తూర్పు పక్క కట్టే గోనె పరదాయే ఆకుకూరని ఎక్కువ కాపాడుతుంది.

మిగిలిన సరుకు నిలవ ఉంచడానికి రెండు ఇటుక గోడల మధ్య తడి ఇసుక పోసి కట్టే చల్లగది గురించి చాలామంది చెబుతారు. అది పొడిగాలి ఉన్నప్పుడు బాగా పనిచేస్తుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉండే వానాకాలంలో అంత చల్లబడదు. దాని మీదే ఆశ పెట్టుకుని ఎక్కువ తెమ్మని రైతుకి చెప్పకండి.

ఇప్పుడు నేను అన్నిటికంటే గట్టిగా చెప్పాలనుకున్నది. మరుగుదొడ్డి. మా బజారులో మొదటి మూడు వారాలు అది లేదు. ఒక పెద్దావిడకి మజ్జిగ ఇస్తే పక్కన పెట్టేసింది. తాగవేం అమ్మా అంటే, "తాగితే మరెక్కడికెల్తాం బావూ, ఇంటికెల్లినాకే తాగుతాను" అంది. తెల్లవారుజామున నాలుగింటికి లేచిన మనిషి, పదకొండు దాకా గొంతు తడుపుకోకుండా ఎండలో కూర్చుంటోంది, మేం పెట్టిన బజారులో. ఆ వారం నుంచి పక్కనున్న కల్యాణ మండపం వాళ్ళతో మాట్లాడి తాళం తీయించాం, శుభ్రం చేసే మనిషికి డబ్బులిచ్చాం. ఆడవాళ్ళకి తలుపు, గొళ్ళెం, నీళ్ళు, లైటు ఉన్న మరుగుదొడ్డి లేకుండా దయచేసి బజారు తెరవకండి. ఒక వారం ఆలస్యమైనా పరవాలేదు.

అడుగు 6: తూకం, ధర, మారుబేరం

ఎలక్ట్రానిక్ కాటాకి తూనికలు కొలతల శాఖ ముద్ర ఏడాదికోసారి వేయించాలి. అందరూ కొనలేరు, అందుకని బజారు తరఫున ఐదారు కొని అద్దె లేకుండా ఇవ్వండి, గేటు దగ్గర ఒకటి తనిఖీకి ఉంచండి, ఎవరైనా తమ సంచి అక్కడ తూచి చూసుకోవచ్చు. కట్టల్లో, కుప్పల్లో, కుంచాల్లో అమ్మేవి అలాగే అమ్మనివ్వండి.

ధర మీరు పెట్టకండి. పొద్దున్నే హోల్‌సేల్ ధర, బయట రిటైల్ ధర రెండూ బోర్డు మీద రాయండి, ఆ మధ్యలో వాళ్ళే పెట్టుకుంటారు. బోణీ బేరం, కొసరు, ఇవి జనానికి ఇష్టం, ఉండనివ్వండి.

కష్టమైనది మారుబేరం. రైతు పేరు మీద హోల్‌సేల్‌లో కొన్న సరుకు తెచ్చి అమ్మేవాళ్ళు ఏ బజారుకైనా వస్తారు. రైతుకి గుర్తింపు కార్డు ఒక్కటీ ఇచ్చి ఊరుకుంటే ఆగదు. కార్డు మీద ఏ పంట, ఎన్ని సెంట్లు, ఏ నెలలు అని రాసి, నెలకోసారి ఇద్దరు రైతులు ఇంకొకరి పొలం చూసి రావాలి. చిక్కుడు పాదు లేని మనిషి చిక్కుడు తెస్తే అప్పుడు తెలుస్తుంది. ప్రకృతి సేద్యం అని బోర్డు పెట్టుకునేవాళ్ళకీ ఇదే పద్ధతి. అలాగని తోపుడు బండి మీద బతికేవాళ్ళని శత్రువుల్లా చూడకండి. వాళ్ళకి ఒక వరస విడిగా ఇచ్చి, పైన "కొని అమ్మేవారు" అని రాసేయండి. కొనేవాళ్ళకి నిజం తెలిస్తే చాలు.

అడుగు 7: డబ్బు

ఆశీలు (అమ్మేవాళ్ళ దగ్గర తీసుకునే బజారు రుసుము) పాట పెట్టి ఎవరికో అప్పగించకండి. పాట పాడినవాడు తన డబ్బు రాబట్టుకోవాలి కాబట్టి గంపకి ఇంత, సంచికి ఇంత అని పెంచుతూ పోతాడు, ముందు వెళ్ళిపోయేది చిన్న గంపవాళ్ళే. ఉదాహరణకి, ఊడ్చే ఇద్దరికి వెయ్యి, మరుగుదొడ్డికి మూడు వందలు, నీళ్ళకి, చిల్లరమల్లర ఖర్చులకి ఐదు వందలు, మొత్తం పద్దెనిమిది వందలు. ముప్ఫై మందికి పంచితే అరవై రూపాయలు. కానీ సమానంగా పంచకండి. చేపలు, తినుబండారాలు అమ్మేవాళ్ళు వంద, ఆకుకూర గంపవాళ్ళు ఇరవై, మిగతావాళ్ళు మధ్యలో. వసూలు చేసే పని అమ్మేవాళ్ళలో ఇద్దరికి వంతులవారీగా ఇచ్చి, లెక్క అదే రోజు పలక మీద రాయించండి.

అడుగు 8: జనాన్ని ఆపే సరుకు, చెత్త

ప్రతి బజారుకీ జనాన్ని ఆపి చూపించే సరుకు ఒకటి ఉంటుంది. మాకు అది పనసపొట్టు. అరచేతులకి నూనె రాసుకుని, లేత పనసకాయ తొక్క చెక్కి, కత్తితో టకటకా కొట్టి పొట్టు చేసి అడ్డాకులో పెట్టి ఇస్తుంటే, కొనడానికి రానివాళ్ళు కూడా నిలబడతారు, పక్కనే ఆవాలు, పచ్చిమిర్చి, చింతపండు అమ్ముడైపోతాయి. ఆవపెట్టిన పనసపొట్టు కూర ఇంట్లో ఇష్టమే, కొట్టే ఓపికే ఎవరికీ లేదు. ఇలాంటి వరస గేటు దగ్గర పెట్టకండి, బాగా లోపల పెట్టండి, అక్కడికి వెళ్ళేలోగా మిగతా వరసలు చూస్తారు. పక్కనే చోడి అంబలి కుండ ఒకటి, గ్లాసులు కడిగే నీళ్ళతో సహా.

120 మైక్రాన్లలోపు ప్లాస్టిక్ సంచులు 2022 చివర నుంచి నిషేధం, మీరు అసలు ఏ సంచీ ఇవ్వకండి, గుడ్డసంచి డిపాజిట్ మీద ఇవ్వండి. ఆకు చెత్త అక్కడికక్కడే విడిగా వేయించి పశువులున్నవాళ్ళకి ఇచ్చేయవచ్చు, చేప వ్యర్థం మూతున్న డబ్బాలో మున్సిపల్ బండికి. పదకొండున్నరకల్లా నేల కడిగేసి ఉండాలి, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు ఊరుకోవడం దాని మీదే ఆధారపడి ఉంటుంది.

అడుగు 9: మొదటి పన్నెండు వారాలు, ఆ తర్వాత షెడ్డు

మొదటి వారం రద్దీ చూసి పొంగిపోకండి, నాలుగో వారం పలచబడుతుంది. అప్పుడే అమ్మేవాళ్ళకి ఫోన్ చేసి రమ్మని అడగాలి, మిగిలిన సరుకులో కొంత మీరే కొని హాస్టల్‌కో వృద్ధాశ్రమానికో పంపాలి. దానికి ముందే ఒక చిన్న నిధి పక్కన పెట్టుకోండి. వారంవారం నాలుగు అంకెలు రాయండి: ఎంతమంది అమ్మారు, ఎన్నింటికి లేచి వెళ్ళారు, ఎంత మిగిలింది, ఎవరు మానేశారు. మానేసినవాళ్ళ ఇంటికి వెళ్ళి కారణం అడగండి, నాకు ఎక్కువ నేర్పింది వాళ్ళే.

పన్నెండో వారం దాటాక సున్నం పొడి తీసుకుని, అమ్మేవాళ్ళు ఎవరెవరు ఎక్కడ కూర్చుంటున్నారో నేల మీద అలాగే గీతలు గీయండి. ఎవరు ఎవరి పక్కన కూర్చోవడానికి ఇష్టపడ్డారు, జనం ఎటు నుంచి ఎటు నడిచారు, ఎండ ఎక్కడ దాకా వచ్చింది, నీళ్ళు ఎక్కడ నిలిచాయి, అన్నీ ఆ గీతల్లో కనబడతాయి. దాన్ని కాగితం మీదకి ఎక్కించి, అమ్మేవాళ్ళ సంతకాలు, వేలిముద్రలు వేయించి, వాళ్ళలో నలుగురిని వెంటబెట్టుకుని కార్పొరేషన్ ఇంజినీరు దగ్గరికి వెళ్ళండి. షెడ్డు కొలతలు ఆ కాగితం చూసి వేయమనండి.